గట్టిమేళం ఆగినప్పుడు

పెళ్లి దగ్గర పడేకొద్దీ నాంచారయ్యకు అన్నం సహించడం మానేసింది. పెళ్లికొడుక్కి ఆకలి తగ్గడం వింతేమీ కాదు. కానీ ఇతని బెంగ పెళ్లికూతురి గురించి కాదు, పెళ్లి పందిరి గురించి.

నాంచారయ్య డోలు వాయిస్తాడు. ఆ చుట్టుపక్కల ఏ ఊళ్లో పెళ్లయినా మేళంలో అతను ఉండాల్సిందే. పురోహితుడు చూపుడువేలు పైకెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అని అరవగానే అతని చేతిలో పుల్ల లేచేది. తాళి కట్టే వేళకు సరిగ్గా ఎవరో తుమ్ముతారు, ఎవరో దగ్గుతారు, ఎవరి నోటి వెంటో రాకూడని మాట వస్తుంది. అవేవీ పీటల దాకా వినపడకూడదు. గట్టిమేళం ఉన్నది అందుకే. నాంచారయ్య వాయిస్తుంటే పక్కన పిడుగు పడ్డా వినపడదని జనం మెచ్చుకునేవాళ్లు. అతను పొంగిపోయేవాడు.

ఇందరి పెళ్లిళ్లకు వాయించినవాడి పెళ్లికి మేళమే వద్దన్నారు.

పెళ్లికూతురు పేరు మంగతాయారు. పొగాకు కంపెనీలో ఆకు ఏరే పని చేస్తుంది. ఆమెకిది రెండో పెళ్లి. మొదటి మొగుడు పెళ్లయిన ఏడాది తిరక్కుండా జ్వరమొచ్చి పోయాడు. పోయింది జ్వరంతో, నింద వేసింది ఆమె మీద. ఊరంటే అంతే, జ్వరాన్ని తిట్టి ఏం లాభం, అది తిరిగి ఏడవదుగా.

తండ్రి లేని నాంచారయ్యను పెంచింది పెదనాన్న రాఘవులు. ఇంటి మేళానికి ఆయనే పెద్ద, సన్నాయి ఆయనది. ఆయన పెళ్లి వద్దనలేదు. అది ఒప్పుకోవాలి.

"మన ఇళ్లల్లో మారుమనువులు లేవంట్రా? ఉన్నాయి. అవి ఎట్టా జరగాలో అట్టానే జరగాల," అన్నాడు. "తెల్లారకముందే ఇంట్లో నలుగురి మధ్యన పుస్తె కట్టేసెయ్. పందిరొద్దు, మేళమొద్దు. మారుమనువుకి మోగిన డోలు మళ్లీ శుభానికి పనికిరాదు. ఆ డోలు మోసినోణ్ణి రేపు ఎవరు పిలుస్తారు? ఏం తిని బతుకుతావ్?"

మేళగాళ్ల ఇళ్లల్లో అది ఎప్పటినుంచో ఉన్న కట్టడి. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా. మారుమనువు చేసుకున్న ఆడవాళ్లు తెల్లారేసరికి వేరే ఇంట్లో కసువు ఊడుస్తూ కనపడేవాళ్లు. అప్పుడు ఊరికి తెలిసేది, పెళ్లయిందని.

పెదనాన్న మాట నాంచారయ్యకు మొదట కోపం తెప్పించింది. నాలుగు రోజులు గడిచాక అందులో న్యాయం కనపడసాగింది. ఇంకో రెండు రోజులకు ఆ మాట తనదే అనిపించింది. అప్పుడు గురువు గుర్తొచ్చాడు. డోలు భుజాన వేసుకుని బస్సెక్కాడు.

ఆ గురువు బుడేసాయిబు గారు. అద్దంకి వైపు చిన్న ఊళ్లో ఉంటాడు. వయసులో ఉండగా పొద్దున్నే రామాలయంలో మేలుకొలుపుకు వాయించి, ఇంటికొచ్చి నమాజు చదువుకుని, మళ్లీ పెళ్లిళ్లకు బయల్దేరేవాడు. ఇప్పుడు మణికట్లు పట్టేశాయి. డోలు పట్టడు. నేర్పుతాడు, అదీ తక్కువ మాటలతో. శిష్యుడు ఎంత జోరు మీద ఉన్నా సరే ఆయన అరచెయ్యి ఎత్తితే పుల్ల గాల్లోనే ఆగిపోవాలి. ఒక్క దెబ్బ ఎక్కువ పడిందో, మళ్లీ మొదటికి. "మోగించడం ఎవడైనా నేర్చుకుంటాడు. ఆపడం వచ్చినోణ్ణి చూపించు," అనేవాడు. ఆ ఇంట్లో డోలు నేర్చుకున్నవాళ్లందరికీ ఆ అరచెయ్యి కలలోకొస్తుంది.

నాంచారయ్య వెళ్లేసరికి ఆయన అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాడు.

"ఏరా, ఎండన పడొచ్చావ్?"

"పెళ్లి కుదిరింది గురువుగారూ. పెళ్లికొడుకుని గదా, నాలుగు మంచి మాటలు చెప్తారేమోనని."

"ఈపాటికి చెప్పేవాళ్లు చెప్పే ఉంటారుగా."

చెప్పారు. అసలు పెళ్లికొడుకు కనపడితే చాలు, ఎక్కళ్లేని పెద్దరికం వచ్చిపడుతుంది జనానికి. మొదటి రోజే గొంతు పెంచి మాట్లాడమని ఒకడు చెప్పాడు. అత్తగారు రెండోసారి వడ్డించబోతే చెయ్యి అడ్డం పెట్టమని మరొకడు. పెళ్లాం ఎదట పెద్దగా నవ్వవద్దని సెలూన్లో పరిచయం కూడా లేనివాడు చెప్పాడు. నాంచారయ్య అవన్నీ చెప్పుకొచ్చాడు. బుడేసాయిబు గారు వింటూ చిక్కుడుకాయలు ఒలుస్తూనే ఉన్నాడు.

"మీ పెదనాన్న ఏమన్నాడు?"

ఆ మాట కోసమే ఇంత దూరం వచ్చాడని ఆయనకు తెలిసిపోయింది. నాంచారయ్య తల వంచుకుని పెదనాన్న చెప్పిందంతా చెప్పాడు.

"ఆలోచిస్తే నాకూ అదే మంచిదనిపిస్తంది గురువుగారూ. కట్టాల్సింది పుస్తె గదా. చప్పుడు చెయ్యకుండా కడితే మాత్రం ముడి పడదా? ఆ పిల్లకీ నలుగురి నోళ్లల్లో పడే బాధ ఉండదు."

"ఆ పిల్ల చెప్పిందా, బాధని?"

"అడగలేదు."

గురువు చిక్కుడుకాయల చేట పక్కన పెట్టాడు. "డోలు తీ. గట్టిమేళం వాయించు."

నాంచారయ్య డోలు ఒళ్లోకి తీసుకుని, కుడిచేతి వేళ్లకు గుడ్డ తొడుగులు ఎక్కించుకుని, ఎడమచేత్తో పుల్ల పట్టుకున్నాడు. మొదటి దెబ్బకే వీధిలో పోయేవాళ్లు ఇటు తిరిగారు.

అరచెయ్యి లేచింది. పుల్ల ఆగింది.

"అంత గట్టిగా వద్దు. లోపల మా ఇంటావిడ పడుకుంది. మెల్లగా."

నాంచారయ్య చెయ్యి తగ్గించాడు.

"ఇంకా మెల్లగా. పక్కింటోళ్లకి వినపడతంది."

ఇంకా తగ్గించాడు. తొడుగులు తీసేసి వేళ్ల కొసలతో తాకించాడు. గట్టిమేళం అలా వాయించేది కాదు. చేతులకు అలవాటు లేక మెడ నరాలు బిగుసుకుపోయాయి.

"అదిగో, గోడ మీద పిల్లి పడుకుంది. అది చెవి కదపకుండా వాయించు."

ఏం పరీక్షో ఇది అనుకుంటూనే నాంచారయ్య ఊపిరి బిగబట్టి చర్మం మీద వేలు ఆనించాడు. పిల్లి చెవి కదిలింది.

"విన్నది. ఇంకా మెల్లగా."

చెమట కారిపోతోంది. పుల్ల చర్మానికి వెంట్రుకవాసి ఎడంలో ఆడుతోంది. వేళ్లు గాల్లో కదులుతున్నాయి. లెక్క తప్పలేదు, వరస తప్పలేదు. చప్పుడు మాత్రం లేదు. పిల్లి హాయిగా కళ్లు మూసుకుంది.

"శభాష్. పిల్లికి కూడా తెలియకుండా చేశావ్," అన్నాడు బుడేసాయిబు గారు. "ఇప్పుడు చెప్పు. వాయించావా, వాయించలేదా?"

నాంచారయ్య చేతులు ఆగిపోయాయి.

"వాయించలేదు గురువుగారూ."

గురువు చేట మళ్లీ ఒళ్లోకి తీసుకున్నాడు. "ఎండ తగ్గాక పో. అన్నం తిని పో."

నాంచారయ్య అన్నం తిన్నాడు. ఆకలి వేసింది మరి. ఎండ తగ్గేదాకా మాత్రం ఆగలేదు.

ఇంటికి రాగానే పెదనాన్న ఎదట నిలబడ్డాడు. చిన్నప్పటినుంచీ ఆయన ఎదట కూర్చోవడమే గానీ తలెత్తి నిలబడింది లేదు.

"నా పెళ్లి పట్టపగలు చేసుకుంటాను పెదనాన్నా. పందిట్లో. మేళంతో."

రాఘవులు సన్నాయి పీక సరిచేసుకుంటున్నాడు. తల ఎత్తలేదు. "ఎవడు వాయిస్తాడ్రా?"

"మీరు వాయిస్తే కాళ్లకి దండం పెడతాను. లేదంటే వాయించేవాళ్లు లేకపోలేదు."

"రేపటి సంగతి ఆలోచించావా? ఒక్కడు పిలవడు నిన్ను."

"పిలవకపోతే ఇంటి ముందు కూర్చుని వాయించుకుంటాను. వినేవాడు వింటాడు."

ఆ మాట అన్నాక అతనికి భయమేసింది. అన్నందుకు కాదు. అన్న మాట అంత తేలిగ్గా బయటికొచ్చినందుకు.

మర్నాడే గురువుగారి శిష్యులకు కబురు చేశాడు. పర్చూరు నుంచి ఒకడు, మార్టూరు నుంచి ఇద్దరు, చీరాల నుంచి ఒకడు, అలా లెక్క ఎనిమిది డోళ్లకు వచ్చింది. నాలుగు సన్నాయిలు. ఆ ఊళ్లో పెద్ద రైతుల పెళ్లికి కూడా అంత మేళం రాలేదు. డోలు వాయించేవాడికి ఎలాంటి కష్టమొచ్చినా మందు డోలే. పెదనాన్న చిన్న మేళం కూడా వద్దన్నాడు గనక ఇతను కొండంత మేళం పెట్టాడు.

ఆ మధ్యాహ్నమే పొగాకు కంపెనీకి వెళ్లాడు. అన్నాల గంట కొట్టారు. మంగతాయారు టిఫిను క్యారియరు పట్టుకుని షెడ్డు నీడలో కూర్చుంది. చేతులకూ చీరకూ పొగాకు ఘాటు. నాంచారయ్య అల్లంత దూరంలో నిలబడే చెప్పేశాడు, ఆగలేక.

"ఎనిమిది డోళ్లు తాయారూ! ఎవడేం వాగినా నీ చెవిన పడదు. పడనివ్వను. ఆ పూట ఒక్క మాట, ఒక్క పాడు మాట వినపడిందంటే నా పేరు నాంచారయ్యే కాదు."

ఆమె ముద్ద కలుపుతూ వింది. మెచ్చుకుంటుందనుకున్నాడు.

"నా మొదటి పెళ్లికి వాయించింది కూడా నువ్వేగా," అంది మంగతాయారు. "గట్టిగానే వాయించావ్."

నిజమే. వాయించాడు. ఆ రోజు పెళ్లికూతురి మొహం కూడా చూడలేదు, పుల్ల మీదే ధ్యాస. ఆమె చిరాకుపడలేదు, దెప్పలేదు. ఉన్న సంగతి అంది, అంతే. అంతలో గంట మోగింది. చెయ్యి కడుక్కుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ మాట అతనికి ముల్లులా గుచ్చుకుంది. అయినా డోళ్లు తగ్గించలేదు. తొమ్మిదో డోలు దొరుకుతుందేమోనని కూడా చూశాడు.

పెళ్లికి ముందు రోజు బుడేసాయిబు గారు బస్సు దిగాడు. శిష్యులు ఎదురెళ్లి సంచీ అందుకోబోతే ఇవ్వలేదు. "పెళ్లికూతురి ఇల్లెక్కడ?" అని అడిగి నేరుగా అక్కడికి పోయాడు. వాకిట్లో మంచం వేస్తే కూర్చుని మజ్జిగ తాగాడు. మంగతాయారుతో కాసేపు మాట్లాడాడు. ఏం మాట్లాడాడో ఎవరికీ తెలియదు. కూతురు ఒకసారి కళ్లు తుడుచుకుందనీ, తర్వాత గట్టిగా తలూపిందనీ వాళ్లమ్మ చెప్పింది. పెద్దాయన దీవించడానికి వచ్చాడనుకుంది ఆవిడ.

పెళ్లి పట్టపగలే జరిగింది. ఎండ మండిపోతున్నా జనం విరగబడి వచ్చారు. మారుమనువు మేళంతో జరగడం అక్కడివాళ్లెవరూ చూడలేదు. అక్షింతలు వెయ్యడానికి వచ్చినవాళ్లు కొందరు, ఏం జరుగుతుందో చూసిపోదామని వచ్చినవాళ్లు చాలామంది. ఎందుకొచ్చినా వచ్చారు. ఈ పెళ్లికి కావలసింది కూడా అదే.

రాఘవులు కూడా వచ్చాడు. సన్నాయి ఇంట్లో పెట్టి వట్టి చేతులతో వచ్చాడు. ముందు వరసలో కుర్చీ లాక్కుని, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. పక్కన ఆయన బావమరిది. మేళానికి ఎదురుగా ఇంకో కుర్చీలో బుడేసాయిబు గారు.

జీలకర్రబెల్లం వేళయింది. పురోహితుడు శాస్త్రిగారు వేలెత్తారు. ఎనిమిది డోళ్లు ఒక్కసారి అందుకున్నాయి. పందిరి మీద వేసిన కొబ్బరాకులు అదిరాయి. పాలు తాగే పిల్లలు బిత్తరపోయి, ఏడుపు కూడా మర్చిపోయారు. తెర పక్కకు తీశారు. నాంచారయ్య మొహం చూడాలి అప్పుడు! తానే గెలిచినట్టు, ఊరంతా ఓడినట్టు నవ్వాడు.

గట్టిమేళం మోగేటప్పుడు జనానికి ఒక అలవాటుంది. మామూలప్పుడు చెవిలో గుసగుసలాడుకునే మాటలు అప్పుడు గొంతు చించుకుని చెప్పుకుంటారు. పక్కవాడికి తప్ప ఇంకెవరికీ వినపడదని ధీమా. మేళగాళ్లకు ఆ నోళ్లు కదలడం కనపడుతుంది, మాట మాత్రం వినపడదు. నాంచారయ్య ఇన్నేళ్లుగా చూస్తున్నదే. ఆ నోళ్లు ఏమంటున్నాయో ఎన్నడూ పట్టించుకోలేదు.

తాళి కట్టే ఘడియ వచ్చింది. నాంచారయ్య లేచి మంగతాయారు వెనక్కి వచ్చి వంగాడు. శాస్త్రిగారు మంగళసూత్రం చేతికిచ్చి మంత్రం అందుకుని వేలెత్తారు. "గట్టిమేళం! గట్టిమేళం!"

డోళ్లు ఇందాకటికంటే జోరుగా మోగాయి. నేల అదురుతోంది. నాంచారయ్య సూత్రం ఆమె మెడ చుట్టూ తెచ్చాడు. రెండు కొసలూ వేళ్ల మధ్య కలిశాయి.

బుడేసాయిబు గారు అరచెయ్యి ఎత్తాడు.

ఎనిమిది పుల్లలు గాల్లో ఆగిపోయాయి. సన్నాయిలు ఊపిరి మింగాయి. పందిరంతా ఒక్కసారిగా మూగబోయింది. ఆ నిశ్శబ్దంలో ఒక్క గొంతు మాత్రం, ఆపుకోవడానికి వీల్లేక, గట్టిగా, స్పష్టంగా, ముందు వరసలోంచి వచ్చింది.

"...మొదటోణ్ణి ఏడాది తిరక్కుండా మింగింది! వీణ్ణి ఎన్నాళ్లుంచుద్దో చూద్దాం!"

రాఘవులు బావమరిది చెవి వైపు వంగి ఉన్నాడు. నోరు ఇంకా తెరిచే ఉంది.

వెనక ఎవరో ముసలమ్మ "రామ రామ" అని గొణిగింది. మంగతాయారు తల్లి పైటకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏ మాట వినపడకూడదని మేళం పుట్టిందో ఆ మాటే, పుస్తె మెడ మీద ఉండగా, ఊరందరి మధ్యా వినపడింది. శాస్త్రిగారి మొహం పాలిపోయింది. "కాసేపాగి, శాంతి చేసి..." అంటూ నసిగారు.

నాంచారయ్యకు పెదనాన్న మీద కోపం తర్వాత వచ్చింది. ముందొచ్చింది గురువు మీద. పుట్టి బుద్ధెరిగాక గురువు మీద కోపం రావడం అదే మొదటిసారి.

"వాయించండ్రా!" అని అరిచాడు మేళం వైపు. "ఎందుకాపారు? వాయించండి!"

ఎవరూ వాయించలేదు. ఎనిమిది జతల కళ్లు ఆ అరచేతి మీదే ఉన్నాయి. ఆ చెయ్యి దిగలేదు. పెద్దాయన మణికట్టు నొప్పికి వణుకుతోంది. అయినా దిగలేదు.

అప్పుడు మంగతాయారు కదిలింది. పీటల మీద కూర్చునే పక్కకు తిరిగి, బాసికం కింద నుంచి రాఘవులు మొహంలోకి సూటిగా చూసింది.

"మామయ్యా," అంది. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు, పందిరి చివర వంటవాళ్లకు కూడా వినపడింది. "ఇంకేమన్నా ఉంటే ఇప్పుడే అనండి. మళ్లీ మేళం మొదలైతే వినపడదు."

రాఘవులు నోరు మూసుకున్నాడు. ఆమె ఆయన్ని వదిలేసి బావమరిది వైపు చూసింది. తర్వాత రెండో వరస, మూడో వరస. తీరిగ్గా, ఒక్కొక్క మొహం చూసుకుంటూ పోయింది. అందులో కంపెనీలో పక్కన కూర్చుని ఆకు ఏరే ఆడవాళ్లు ఉన్నారు. మొదటి మొగుడి తరఫువాళ్లు ఉన్నారు. ఆమె ఎదురొస్తే గుమ్మంలోంచి వెనక్కి వెళ్లిపోయే ఇరుగుపొరుగువాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరే తల దించుకున్నారు. ఒకావిడ ఉన్నట్టుండి ఒళ్లో పిల్లాడి జుట్టు సర్దసాగింది.

ఎవరూ ఏమీ అనలేదు.

మంగతాయారు ముందుకు తిరిగింది. జడ తీసి ముందుకు వేసుకుంది. మెడ వంచి కూర్చుంది.

"ఊఁ," అంది నాంచారయ్యతో.

నాంచారయ్య మొదటి ముడి వేశాడు. మేళం ఆగితే ముడి పడే చప్పుడు వినపడుతుందని అతనికి తెలియదు. దారం దారాన్ని రాసుకునే చిన్న చప్పుడు. రెండో ముడి వేశాడు. అప్పుడు వెనక వరసలో ఎవరో తుమ్మారు. మామూలు తుమ్ము కాదు, పందిరి గుంజ కదిలేంత తుమ్ము. జనం ఉలిక్కిపడ్డారు. తుమ్మినవాడు ఎక్కడ దాక్కోవాలో తెలియక అటూ ఇటూ చూశాడు. మంగతాయారు భుజాలు కదిలాయి. ఏడుస్తోందేమోనని నాంచారయ్య ముందుకు వంగి చూశాడు. నవ్వుతోంది. అతనికీ నవ్వొచ్చింది. నవ్వుతూనే మూడో ముడి బిగించాడు.

బుడేసాయిబు గారు అరచెయ్యి దించి, వేలెత్తాడు.

ఆ తర్వాత మోగిన మేళం గురించి ఆ ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాయించినవాళ్లకు చేతులు వాచాయంటారు.

రాఘవులు భోజనానికి ఆగలేదు. ఎవరో ఆపబోతే చెయ్యి విదిలించుకుని, తల వంచుకుని పోయాడు. పోనీ. ఆయన్ని బతిమాలే తీరిక ఆ పూట ఎవరికీ లేదు. నాంచారయ్య కూడా వెళ్లలేదు. పెంచినవాడు వాకిలి దాటి పోతుంటే చూస్తూ నిలబడ్డాడు.

విస్తళ్లు వేశారు. బుడేసాయిబు గారు పందిరి పక్కన వేపచెట్టు కింద మణికట్టుకు తడిగుడ్డ చుట్టుకుని కూర్చున్నాడు. నాంచారయ్య వెళ్లి కాళ్లకు దండం పెట్టాడు. లేచి నిలబడ్డాడు గానీ కదల్లేదు.

"అడుగు," అన్నాడు గురువు.

"మీకు కోపమొస్తుందేమో."

"కోపం నీకుంది. అడుగు."

"వాయించమని చెప్పిందీ మీరే గదా గురువుగారూ. పిల్లిని చూపించి మరీ సిగ్గుపడేట్టు చేశారు. మాట వినపడకూడదనే గదా నేను ఎనిమిది డోళ్లు పెట్టుకున్నాను. మీరు ఆ చెయ్యి ఎత్తకపోతే ఆ పాడు మాట వినపడేదే కాదు."

"నిజమే," అన్నాడు బుడేసాయిబు గారు. తడిగుడ్డ విప్పి, పిండి, మళ్లీ చుట్టుకున్నాడు. "నీకు వినపడేది కాదు."

నాంచారయ్య పందిరి వైపు తిరిగాడు.

పందిట్లో మంగతాయారు విస్తరి ముందు ఒక్కతే కూర్చుని ఉంది. పక్కన అతని కోసం పీట వేసి ఉంచారు. మెడలో కొత్త సూత్రం పసుపు చీర మీద వేలాడుతోంది. తన వైపే చూసే జనాన్ని పట్టించుకోకుండా పప్పు కలుపుకుంటోంది, ఆ రోజు షెడ్డు నీడలో కలుపుకున్నట్టే.

నాంచారయ్య వెళ్లి పక్కన కూర్చున్నాడు. విస్తట్లో వడ్డించినవన్నీ చూశాడు. ఏదీ ముట్టుకోలేదు.

"తాయారూ."

"ఊఁ."

"ఇంకా ఏమేం అన్నారు నిన్ను? మొదటినుంచీ చెప్పు. ఏదీ దాచకు."

ఆమె చెయ్యి ఆగింది. అతని మొహంలోకి చూసింది. తర్వాత అతని విస్తట్లోకి నెయ్యి గిన్నె జరిపింది.

"ముందు తిను," అంది. "చాలా ఉన్నాయి."